లోహిత పక్కన నేను లేను

తిరుపతి,
ఆదివారం.

అమ్మకు నిస్సీ వందనాలు.

ఇక్కడ నేనూ నీ అల్లుడు జోయలూ పాపా దేవుని దయవల్ల బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. అలాగని కార్వేటినగరం బజారు దాకా నడిచి వెళ్లొద్దు. పాపకు నువ్వు కుట్టిన గౌను సరిపోయింది, చేతులే కాస్త పొడవు.

వార్డు ఇన్‌ఛార్జి పోస్టు వచ్చిందా అని అడిగావు. ఫోన్‌లో చెబితే మధ్యలోనే ఏడుస్తావని ఉత్తరం రాస్తున్నాను. రాలేదమ్మా.

మా ఆసుపత్రికి నర్సింగ్ కాలేజీ పిల్లలు పని నేర్చుకోవడానికి వస్తారు కదా. ఈసారి నా ఒక్కదానికే తొమ్మిదిమందిని అప్పగించారు. వాళ్లలో లోహితది నగరి, మరమగ్గాల కుటుంబం. ఏది చెప్పినా అరచేతి మీద రాసుకునే పిల్ల. పోయిన నెల వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు మునిలక్ష్ములు ఉన్నారు. ఒకరికి వేయాల్సిన సూది లోహిత రెండో ఆమెకు వేసింది. ఆమెకు ఆ మందు పడదు. ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక గిలగిల్లాడింది. డాక్టరు పరుగున వచ్చాడు. గంటకు తేరుకుంది.

మర్నాడు సూపరింటెండెంట్ తిరుమలమ్మ నన్ను పిలిచి తెల్లకాగితం ముందు పెట్టింది.

"ఆ పిల్ల నీకు చెప్పకుండా చేసినాదని రాయి నిస్సీ. కాలేజీవాళ్లు ఇంటికి పంపిస్తారు. నీ పోస్టుకు అడ్డం ఉండదు."

"చెప్పకుండా చేయలేదు మేడమ్. నేనే చేయమన్నా."

"అప్పుడు నువ్వు పక్కన ఉండావా?"

ఇదే అమ్మా, ఇన్నాళ్లూ నీకు చెప్పనిది. నేను లేను. రిజిస్టరు రాసుకుంటూ కూర్చున్నాను. "అక్కా, ఒకతూరి వచ్చి సూడండక్కా" అని ఆ పిల్ల రెండుసార్లు అడిగింది. రెండోసారి కసురుకున్నాను.

కాగితం మీద అదే రాశాను. తొమ్మిదిమందిని ఒకరి నెత్తిన పెడితే నేర్పడం కుదరదనీ, వాళ్లు వచ్చేది మనకు దుప్పట్లు మార్చిపెట్టడానికి కాదనీ కింద ఇంకో మాట కలిపాను.

"నీకు పొగురెక్కువైనాది" అంది మేడమ్.

"తప్పు ఒప్పుకుంటే పొగురా మేడమ్?" అన్నాను.

నాకు మెమో ఇచ్చారు. లోహితను పంపలేదు. కానీ తనే "నాకీ చదువు వద్దక్కా, ఊరికి పోతా" అని మూడు రోజులు ఏడ్చింది. నాలుగోరోజు చేయి పట్టుకుని ఒక రోగి మంచం దగ్గరికి తీసుకెళ్లాను. "పేరు అడుగు. చేతికి కట్టిన చీటీ సూడు. సూది వెయ్యి. నేను ఈడనే ఉంటా" అన్నాను. పేరు అడిగింది, చీటీ చూసింది, సూది సరిగ్గా పడింది.

ఆ కాగితం వెనక్కి తీసుకుంటే పోస్టు సంగతి మళ్లీ చూస్తామంటున్నారు. తీసుకోను. క్షమించమని ఆ మునిలక్ష్మమ్మనూ లోహితనూ అడిగాను. ఇంకెవరినీ అడగను.

నేను ఇన్‌ఛార్జి అవుతానని మీ చర్చిలో అందరికీ ముందే చెప్పేశావు కదా. కాలేదని చెప్పు. ఎందుకు కాలేదో కూడా గట్టిగా చెప్పు.

ఇట్లు,
నీ మొండి కూతురు
నిస్సీ