గుమ్మం బయట పెట్టె

కాపెల్, గురువారం రాత్రి

ఒళ్లంతా నొప్పులు. ఆఫీసు అవగానే, ఇక్కడి ప్రభుత్వం నెలనెలా ముసలివాళ్లకిచ్చే ఆహారపు పెట్టెలు పంచడానికి వెళ్లాను. చివరి ఇల్లు వరలక్ష్మి ఆంటీది. ఆ అపార్ట్‌మెంట్‌లో ఒక్కరే ఉంటారు. పోయిన నెల పెట్టెలో వచ్చిన ఎండు బీన్స్ గింజలతోనే గుగ్గిళ్లు చేసి, నా కోసం డబ్బాలో పెట్టి ఉంచారు. ఎప్పుడూ అంతే. ఆవిడ గుమ్మం నుంచి ఎవరూ ఖాళీ చేతులతో వెళ్లకూడదు.

"సారీ ఆంటీ, కొత్త రూల్ పెట్టారు. వాలంటీర్స్ ఎవరి దగ్గరా ఏమీ యాక్సెప్ట్ చేయకూడదట," అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "అయితే నీ పెట్టె కూడా తీసుకుపో తల్లీ. ఊరికే తీసుకుని తలుపేసుకోవడం నాకు చేతకాదు," అని తలుపు వేసేసుకున్నారు.

బతిమాలే ఓపిక లేక, పెట్టె గుమ్మం బయటే వదిలేసి వచ్చాను. ఆవిడ ఇంట్లో ఇంకేం సరుకులు మిగిలాయో, రాత్రికి ఏం తిన్నారో. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రూల్ పెట్టినవాళ్లకి ఆంటీ సంగతి తెలియదు, నాకు తెలుసు కదా. గుప్పెడు గుగ్గిళ్లు నోట్లో వేసుకుంటే నా సొమ్మేం పోయేది...

రేపు ఆఫీసుకి వెళ్తూ తలుపు కొట్టాలి. పెట్టె మాట ఎత్తను. "ఆకలేస్తోంది ఆంటీ, ఏమైనా పెడతారా?" అని అడుగుతాను.