అంచు కుట్టని గొంగడి

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గడ్డపోతారం కంపెనీలో సగం రోజు సెలవు పెట్టి వచ్చాను. నీ ఫొటో ముందు కల్లు, మటన్ కూర పెట్టాక, అమ్మకు ఫోన్లో ఒక వీడియో చూపించాను. మంచుదేశంలో ఇన్యూట్ తెగ ముసలామె కారిబూ తోలుతో కోటు కుడుతోంది. కారిబూ అంటే మన దుప్పి లాంటి జంతువు. దాని కొమ్ముతో పనిముట్లు, ఎముకతో బొమ్మలు, నరంతో దారం చేసుకుంటారు. ఆ దారం తడిస్తే ఉబ్బి, సూది గుచ్చిన రంధ్రాలు మూసుకుపోతాయట.

"మన గొంగడి గూడ గంతేనాయె. వాన వడ్తే బిగుస్తది," అంది అమ్మ.

లేచి, పెట్టెలోంచి నీ చివరి గొంగడి తీసింది. ఆమె వడికిన ఉన్ని, నువ్వు నేసిన నేత. నేతకు పట్టించిన చింతగింజల గంజి వాసన ఇంకా ఉంది. ఒకవైపు అంచు కుట్టకుండానే నువ్వు ఆసుపత్రికి వెళ్లావు. అమ్మ సూదిలో దారం ఎక్కించి, గొంగడి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత సూదిని మళ్లీ డబ్బాలో పెట్టేసింది.

"కుట్టరాదే అమ్మా," అన్నాను.

"కుడితే ఇగ మీ నాయిన పని ముగుస్తది బిడ్డా."