పోశన్న పెట్టెకు భుజం పట్టనివాడు

మెసయీద్,
జూలై 1983

ప్రియమైన బిడ్డ భూమవ్వకు హన్మాండ్లు కాక దీవించి రాసేది.

మీ నాయన జలంధర్ మా తమ్ముడు పోశన్న శవపెట్టెకు భుజం పట్టలేదు. ఐదేళ్లుగా ఈ మాట నా గొంతులో ఉంది. ముందు ఇది చదువు, మిగతాది తర్వాత.

బాపు పోయి ఏడాది కావస్తోంది, బడి ముందర ఫోటో పెట్టి ఊరంతా ఆయన గురించి చెబుతారు, ఖతర్‌లో ఎట్లా బతికాడో మీరు రాయండి కాకా అని అడిగావు. నేను రాయను. బర్మా లడాయిలో లారీ తోలాడనీ, మిలిట్రీ నుంచి వచ్చి బడికి బావి తవ్వించాడనీ, పిల్లల్ని కష్టపడి సాకాడనీ చెప్పడానికి మీ ఊళ్లో మనుషులు లేరా?

ఇక్కడ ఏం చేశాడని? క్యాంప్‌కు నీళ్ల ట్యాంకర్ రాకపోతే, యాభై దాటిన మనిషి, కంపెనీ లారీ దిగి ఆఫీసు ముందు ఎండలో కూర్చునేవాడు. "నీళ్లు మాఫీ, డ్యూటీ మాఫీ" అనేవాడు, ఇక్కడి మాటలో మాఫీ అంటే లేదని. మా వంట, పక్క గది జహాంగీర్ వాళ్ల వంట కలిపి ఒక్క పొయ్యి చేశాడు. రంజాన్ నెలలో పగలు పొయ్యి ముట్టించనిచ్చేవాడు కాదు. ఆయన్ని తిట్టుకుంటూ చద్దన్నం తినేవాళ్లం. ఎవడికి జబ్బు చేసినా దోహా ఆస్పత్రికి వెంట ఆయనే. ఎవడు చచ్చినా కాగితాలకు తిరిగి, పెట్టెకు ముందు భుజం పట్టి, విమానం దాకా ఆయనే. పేరు తెలియనివాడికి కూడా పట్టాడు.

అట్లాంటివాడు మా పోశన్న కడుతున్న ట్యాంకు మీంచి పడి చనిపోతే రాలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేనే పోయి పిలిచాను.

"నేను రాను హన్మాండ్లూ, మీరు పొండ్రి" అన్నాడు.

"మిలిట్రీల గూడ గిట్లనే ముసుగువెట్టి పండుకున్నవా?" అని అందరి ముందు అడిగాను. అప్పటి నుంచి నేను వండేవాణ్ని, ఆయన తినేవాడు, మాట మాత్రం లేదు. మూడేళ్లకు ఇంటికి పోయేటప్పుడు వంటగది గుమ్మంలో నిలబడ్డాడు. నేను గిన్నెలు తోముతూనే ఉన్నాను.

ఎందుకు రాలేదో మీ అమ్మకైనా చెప్పి ఉంటాడు. కనుక్కో. రాసేదీ మానేదీ అప్పుడు చూస్తాను.

ఇట్లు,
హన్మాండ్లు

*

ఊరి నుంచి,
ఆగస్టు

ప్రియమైన కాకకు భూమవ్వ దండాలు.

మీ జాబు అమ్మకు చదివి వినిపించాను. సగంలో ఆపమని లేచిపోయింది. తెల్లారి చెప్పింది.

పోశన్న కాక పెట్టె లేచిన రోజు పొద్దున్నే బాపుకు టెలిగ్రాం అందిందట. మా తమ్ముడు పచ్చకామెర్లతో పోయాడని. మైలలో ఉన్న మనిషి ఇంకొకరి శవం మీద చెయ్యి వేయొద్దని మా నాయనమ్మ పట్టింపు. ఎన్ని దేశాలు తిరిగినా బాపు ఆ మాట దాటలేదు.

ఎందుకు చెప్పలేదని అమ్మ అడిగితే, "ఆ దినం ఏడుపు హన్మాండ్లుది. నేను నోరు తెరిస్తే అందరు నాదిక్కు మల్లుతుండిరి" అన్నాడట. తర్వాతైనా చెప్పకపోయావా అంటే, "అందరి ముందల అంత మాటన్నంక ఇంకేం చెప్త" అన్నాడట.

కాకా, నాకూ బాపు మీద కోపమే. అందరి పెట్టెలు మోసిన మనిషి సొంత కొడుకును మోయడానికి రాలేకపోయాడు. కానీ మీరన్న మాట క్యాంప్ నుంచి వచ్చినవాళ్ల నోట పడి మా సంత దాకా వచ్చింది. మిలిట్రీ జలంధర్ శవానికి భయపడి పండుకున్నాడట అని నవ్వుతున్నారు. రేపు ఫోటో ముందర కూడా నవ్వుతారు. ఆ మాట మీది. మీరే తీసెయ్యాలి.

మీ బిడ్డ,
భూమవ్వ

*

మెసయీద్,
ఆగస్టు చివర

ప్రియమైన బిడ్డ భూమవ్వకు,

జాబు చదివి రెండు రోజులు పొయ్యి దగ్గరికి పోలేదు. జహాంగీర్ వండి నాకు పెట్టాడు.

తప్పు నాదని రాస్తానని చూడకు. చెప్పనివాడిది తప్పు. ఆ గొప్పతనం ఆయన్ని ఎవడు అడిగాడు? ఒక్క మాట చెబితే ఇద్దరం ఒక్క గోడకు ఆనుకొని ఏడ్చేవాళ్లం. కొడుకు పోయినవాడికి మూడేళ్లు మొహం చూడకుండా అన్నం వేయించాడు నా చేత. బతికి ఉంటే ఇప్పుడే పోయి కాలర్ పట్టుకుందును.

ఫోటో ముందర ఇది చదువు. అక్షరం మార్చొద్దు. "జలంధర్ ఆ రోజు రాకపోవడానికి కొడుకు చావు కారణం. పోశన్నకు సొంత అన్ననైన నేనే చెబుతున్నాను. అంతకుముందు అన్ని పెట్టెలకూ ముందు భుజం ఆయనదే. ఇంక నవ్వేవాడు మెసయీద్ వచ్చి నా ముందర నవ్వాలి."

ఇంకొకటి. పెత్తరమాస నాడు చనిపోయినవాళ్ల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం కదా. ఇక్కడ అయ్యగారు లేడు, వంటగదిలో ఒకరికొకరం ఇచ్చుకుంటాం. ఈసారి జలంధర్ పేరు నేను చెబుతాను. పిల్లవాడి పేరు కూడా నేనే చెబుతాను. పిల్లలకు ఇయ్యరని ఎవడైనా అంటే వాడితో నేను మాట్లాడుకుంటాను. కానీ పేరేది? మీ నాయన ఎప్పుడూ "మా చిన్నోడు" అనేవాడు తప్ప పేరు పలకలేదు. నువ్వూ రాయలేదు. ఏం మనుషులు మీరు?

పెత్తరమాసకు ముందొచ్చే శుక్రవారం నాడు జాబుల కోసం దోహా పోతాను. ఆ శుక్రవారానికి ఆ పేరు నా చేతిలో ఉండాలి.

మీ కాక,
హన్మాండ్లు