ఉడకని శనగల సంగతి

వరంగల్ మట్టెవాడలో కాపురముంటున్న, కీర్తిశేషులు రాంప్రసాద్ భార్య కళావతి, వయస్సు డెబ్బై నాలుగు, అను నేను ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో రాయించుకున్న వీలునామా ఇది. మోకాళ్లు మాట వినడం లేదు గానీ మతి బాగానే ఉంది. ఇంకాస్త మరుపు వచ్చి ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

1. దీని అమలు బాధ్యత మా మరిది రాంచందర్‌ది. వాటాల నాడు అత్తగారి ఇత్తడి బిందెలు రెండూ ఆయనే పట్టుకుపోయాడు. ఆ సంగతి నేను మరవలేదు. అయినా ఆయన చదివితే వాకిలి దాకా వినిపిస్తుంది కాబట్టి ఆయన్నే పెట్టాను.

2. నా పేరిట ఉన్న ఇల్లు నా కుమారుడు హరికృష్ణకు, కోడలు పద్మలతకు సమాన హక్కులతో చెందాలి. కాగితంలో పద్మలత పేరు ముందు రాయాలి.

3. నా నాలుగు బంగారు గాజులు కూతురు శోభారాణికి. దానికి నాలుక కూడా నాదే వచ్చింది, జాగ్రత్తగా వాడుకోమని చెప్పండి.

4. తొమ్మిదేళ్ల కిందట శోభారాణిని పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోసిన రోజు గురించి. మా ఇంట్లో ఒడిబియ్యం భోజనంలో కాబూలీ శనగల మసాలా కూర ఉండి తీరాలి. అది ఎప్పుడూ నేనే చేసేదాన్ని. ఆ ఏడు పద్మలత, "ఈసారి నేను చేస్త అత్తమ్మా, జర చెప్పుండ్రి" అని అడిగింది. శనగలు ఉడకకముందే చింతపండు పులుసు పోయమని చెప్పాను. పులుపు తగిలితే శనగ మెత్తబడదని నాకు పన్నెండో ఏటి నుంచి తెలుసు.

నలభై మంది విస్తళ్ల ముందు కూర్చున్నారు. శోభారాణి ఒక శనగ కొరికి, "వదినా, ఇవి శనగలా, గోలీలా?" అంది. పంక్తంతా నవ్వింది. నేనూ నవ్వాను. పద్మలత గరిటె గిన్నెలో వేసి, కూర లోపలికి తీసుకుపోయింది. తర్వాత గిన్నెలు సర్దుతూ, "నా చేతికే అచ్చిరాదేమో అత్తమ్మా" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె మళ్లీ శనగలు నానబెట్టలేదు.

ఎందుకు చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. మా ఆయన ముప్పై ఆరేళ్లు నా వంట తిని ఒక్కసారీ బాగుందనలేదు. పద్మలత కాపురానికి వచ్చిన వారానికే ఆమె పప్పు తిని, "ఇంకింత వెయ్యి బిడ్డా" అన్నాడు. ఆ మాట కోసం నేనెంత ఎదురుచూశానో ఆయనకు తెలియదు. ఆయన మీది కోపం ఆమె మీద తీర్చుకున్నాను. పోయిన ఏడాది నా తుంటి విరిగి దవాఖానలో పడి ఉంటే, అన్నం కలిపి నోట్లో పెట్టింది ఆమే. అప్పుడూ నోరు విప్పలేకపోయాను.

5. సరైన పద్ధతి: ముందురోజే నానబెట్టిన శనగలను వేళ్లతో నొక్కితే చితికేంత మెత్తగా ఉడికించాలి. ఉల్లిగడ్డ ఎర్రగా వేగాక, వేయించి నూరిన ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాల మసాలా, ఆ తర్వాత శనగలు. చింతపండు పులుసు అన్నిటికంటే చివర. ఇంతకు మించి నా దగ్గర రహస్యం లేదు. దీన్ని తొమ్మిదేళ్లు ఆలస్యంగా పద్మలతకు అప్పజెబుతున్నాను.

6. నాలుగో అంశాన్ని నేను పోయాక చదవాలని మొదట రాయించాను. చదివించుకుని వింటే అది ఉత్త పిరికితనమని తోచింది. పోయినవాళ్లను ఎవరూ తిట్టరు, పద్మలత అసలే తిట్టదు. అందుకని ఆ మాట కొట్టివేయించాను. వచ్చే ఆదివారం, ఆనాటి పంక్తిలో కూర్చున్న అందరినీ భోజనానికి పిలవాలి. స్టూలు మీద కూర్చునైనా శనగల కూర నేనే వండుతాను. మొదటి విస్తరి పద్మలతకు వేసి, ఆమె ముద్ద ఎత్తకముందే రాంచందర్ నాలుగో అంశాన్ని బిగ్గరగా చదవాలి. ఆమె లేచిపోతే ఎవరూ ఆపొద్దు, అత్త పెద్దదని సర్దిచెప్పొద్దు. ఇంటి మీద ఆమె హక్కు మారదు. ఆమె తిన్నా, తినకపోయినా, ఆ విస్తరి నేనే ఎత్తుతాను.

వరంగల్, 14 నవంబర్ 2025

(సంతకం) కళావతి

చదివించుకుని, మా కళ్లెదుట సంతకం చేశారు. సాక్షులు:
మొగిలమ్మ, పక్కింటి నివాసి
రమాకాంత్, మట్టెవాడ