సగం సగం మింగిన మందు

గద్వాల,
12 ఆగస్టు 2025.

చెల్లెలి వంటి నిరోషకు డాక్టర్ దీపిక రాయునది.

నాగర్‌కర్నూల్‌లో నీ నర్సింగు చదువు బాగా సాగుతోందని తలుస్తాను. ఇక్కడి క్షేమం గురించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీ నాన్న ప్రభుదాసు వారం నుంచి మా వార్డులో ఉన్నారు. మీ అమ్మ ఎస్తేరమ్మను తీసుకెళ్లిన మొండి క్షయే ఆయనకూ వచ్చింది. మందులు పనిచేయడం లేదు. పది రోజులకు మించి చెప్పలేను. నేను కనబడితే చాలు, మా పిల్ల ఫోన్ ఎత్తుతలేదు మేడం, జర మీరన్న చెప్పరాదా అంటారు.

నీ కోపం నాకు తెలుసు. అమ్మ మందు నువ్వు మింగినవ్, నువ్వు బతికినవ్, అమ్మ పోయింది అని సమాధి దగ్గరే మీ నాన్నను అన్నావు. నేనూ అక్కడే ఉన్నాను.

ఆయన సంగతి కూడా విను. మీ ఊరు రాజోలిలో మేస్త్రీ పుణె కూలిపనికి జంటలనే తీసుకుంటాడు. ఒకరికి దగ్గని తెలిస్తే ఇద్దరినీ వద్దంటాడు. అందుకే మీ అమ్మ గుట్టుగా గద్వాల వచ్చి మా పరిశోధనలో చేరింది. తర్వాత ఆయనకూ దగ్గు మొదలైంది. ఊళ్లో దవాఖానకు పోతే పేరు బయటపడుతుందని, అన్నం పంచుకున్నట్టే మాత్రలూ చెరిసగం పంచుకున్నారు. సగం మందుతో రోగం చావదు, ముదురుతుంది. ఆ సంగతి ఆయనకేం తెలుసు?

ఆరు నెలల క్షయ మందును నాలుగు నెలలకు తగ్గించొచ్చా అన్నది మా పరిశోధన. పన్నెండేళ్లుగా నాకు అదే లోకం. పెళ్లి మాట ఎత్తితే మా అమ్మను కసిరేదాన్ని. రోగులు వచ్చిన ప్రతిసారీ ఖాళీ మాత్రల స్ట్రిప్పులు లెక్కపెట్టేవాళ్లం. మీ అమ్మవి ఒక్కటీ తగ్గేది కాదు. నేత ఇంట్లో పుట్టినదాన్ని, ఒక్క పోగు తెగినా పట్టేస్తానని నాకు గర్వం. అయినా మాలో ఎవరమూ కనిపెట్టలేకపోయాం. ఫలితాలు బాగున్నాయని పోయిన నెల హైదరాబాదులో నాకు శాలువా కూడా కప్పారు.

వనపర్తిలో బస్సు మారితే మధ్యాహ్నానికల్లా ఇక్కడుంటావు. మాస్కు నేనిస్తాను. తిట్టాలనుంటే వచ్చి తిట్టు, కానీ రా.

నీ మేలు కోరే
దీపిక

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. ఎవరమూ కనిపెట్టలేదన్నది అబద్ధం. రెండో నెలలోనే మీ అమ్మ నా గదిలోకొచ్చి, తలుపు దగ్గరకేసి, సగం మా ఆయనకిస్తున్న మేడం, తప్పయితదా అని అడిగింది. అప్పటికే చాలామంది వలస పోయి మందు మానేశారు. ఇంకొకరు తగ్గినా పరిశోధన ఆపేసేవాళ్లు. ఇకమీద నువ్వే మింగు అని కసిరాను. పట్టికలో మాత్రం అన్నీ మింగినట్టు నా చేత్తోనే రాశాను. మా పనిని తనిఖీ చేసే కమిటీకి ఇవాళ ఇదంతా రాసి పంపాను. నా ఉద్యోగం ఏమైతే అది కానీ. మీ నాన్నకు ఇంకా చెప్పలేదు. తన వల్లే ఆమె పోయిందని ఆయన నమ్మకం.

ఆ రోజు వెళ్లేముందు మీ అమ్మ ఇంకొకటి అడిగింది. పేరు బయటికి రాకుండ ఆయనకు గూడ మందు ఇప్పియ్యరాదా మేడం అని. వచ్చే నెల చూద్దాం అన్నాను.