మూడు రోజుల సీసా

ఫిబ్రవరి 3

మందుల లెక్కల పరీక్షలో ఆరు వచ్చాయి. పోయినసారి నాలుగు. పదికి తొమ్మిది రావాలి. ఇక మిగిలింది ఒక్క అవకాశం, ఏప్రిల్ ఎనిమిదిన. అదీ పోతే నర్సింగ్ కోర్సు నుంచి పేరు తీసేస్తారు. వచ్చే ఏడాదికి నలభై అయిదు నిండుతాయి కాబట్టి మళ్ళీ చేర్చుకోరు.

ట్యూటర్ మేడమ్ నాకంటే పదేళ్ళు చిన్నది. పక్క సర్దడంలో, పేషెంటును నొప్పి లేకుండా ఒత్తిగిలేలా చేయడంలో క్లాసులో నా తర్వాతే ఎవరైనా అంది. ఆ మాటకు మార్కులుండవు.

ఫిబ్రవరి 4, ఉదయం 5.10

దశాంశం పాయింటు ఎటు జరపాలో నిన్న రాత్రి అర్థమైంది. నిద్ర లేచేసరికి పోయింది.

ఫిబ్రవరి 11

క్లాసు పిల్లలు నాకు హెడ్‌మిస్ట్రెస్ అని పేరు పెట్టారు. ఆంటీ డోసు లెక్క తేల్చేలోపు పేషెంటు కోలుకుని ఇంటికి వెళ్ళిపోతాడని వెనక బెంచీ అమ్మాయి అంది. అందరితోపాటు నేనూ నవ్వాను. బస్సెక్కాక నవ్వు రాలేదు.

సోడియం, పొటాషియం ఇంకా తారుమారవుతూనే ఉన్నాయి. పదో తరగతిలో లెక్కలూ సైన్సూ గ్రేస్ మార్కులతో గట్టెక్కినదాన్ని. ఆ సంగతి పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మార్చి 2

వంట రాత్రికీ పొద్దునకీ కలిపి ఒకేసారి చేస్తున్నాను. ఆయన చల్లారిన అన్నమే తిని లేచారు. కంచం కాస్త గట్టిగానే పెట్టారు.

మార్చి 14

పుస్తకంలో లెక్కలు నాకు అంటడం లేదని, తెలిసిన వాటితో చెయ్యమని మా అమ్మాయి నా పాత నోటుబుక్కు వెతికి ఇచ్చింది. పోయినేడాది జనవరిలో అత్తయ్య దగ్గుతో మంచం పట్టినప్పటిది. జ్వరం ఎంత, మాత్ర ఎప్పుడు, సిరప్ సీసా ఏ రోజు తెరిచాను, ఏ రోజు అయిపోయింది, అన్నీ ఉన్నాయి. అప్పుడే ఆవిడ బాత్రూములో పడి కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు ఈ పుస్తకం తిరగేసి, మా వార్డులో కూడా ఇంత పద్ధతిగా రాయరమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే నేను నర్సింగ్‌లో చేరాను.

మార్చి 15, మధ్యాహ్నం 3.00

సీసా 100 మిల్లీలీటర్లు. డోసు 5. రోజుకు మూడుసార్లు, అంటే 15. సీసా ఆరు రోజులు దాటి రావాలి. పుస్తకంలో చూస్తే మూడు రోజులకే అయిపోయింది. రెండో సీసా మూడు రోజులు. మూడోదీ అంతే.

మళ్ళీ తప్పు చేశాను. నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే తప్పు.

సాయంత్రం 6.00

అమ్మాయి చూసి, లెక్క కరెక్టే అంది. సహాయం లేకుండా మొదటిసారి చేశావమ్మా అని భుజాలు పట్టుకుని ఊపింది. పుస్తకంలోకి తొంగిచూడలేదు.

మార్చి 16

సీసాతో వచ్చిన చిన్న కొలత గిన్నెను మొదటి రోజే అంట్లలో పోగొట్టాను. చీటీ మీద ఒక చెంచా అని ఉంది కదా అని వంటింటి చెంచాతో పోశాను. ఆ చెంచా ఇప్పటికీ ఉంది. నీళ్ళు నింపి సిరంజిలోకి లాగాను. పదకొండు. ఇంకో రెండుసార్లు లాగాను. పదకొండే.

రోజుకు 33. మూడు రోజులకు 99. సీసా అడుగున అంటుకున్నది 1. నా జన్మలో ఇంత చక్కగా తెగిన లెక్క లేదు.

ఆ సిరప్‌లో మత్తు ఉంటుంది, తూగు వస్తుందని మందు రాసిన డాక్టరు ముందే చెప్పాడు. అత్తయ్య పడింది తొమ్మిదో రోజు.

మార్చి 19

ఆయనకు చెప్పాను. చాలాసేపు పేపరు మడతపెట్టారు. అయిపోయినదాన్ని ఎందుకు తవ్వుతావు, అమ్మకు మాత్రం చెప్పకు అన్నారు. కర్ర లేకుండా నడిచింది కాబట్టే పడిందని అందరికీ చెప్పుకున్నాం కదా, అలాగే ఉండనీ అన్నారు.

మార్చి 20

మూడు లెక్కలు చేశాను. మూడూ కరెక్టే. సంతోషం రాలేదు.

మార్చి 27

మందు తప్పు ఇస్తే నింపాల్సిన ఫారం గురించి ట్యూటర్ మేడమ్ చెప్పింది. ఎవరికి, ఏ మందు, ఎంత, ఎప్పుడు, ఎవరికి తెలియజేశారు. ఎందుకు అనే గడి లేదు. ప్రాక్టీసుకు ఏదో ఒక తప్పు ఊహించి రాయమంది. పిల్లలు తలలు గోక్కున్నారు. నేను రెండు నిమిషాల్లో నింపాను. చివరి గడి ఖాళీగా ఉంచి ఇచ్చాను. అది కూడా నింపితేనే ఫారం అని వెనక్కి ఇచ్చింది.

మార్చి 29, ఉదయం 7.30

మణికట్టు విరిగినప్పటి నుంచి అత్తయ్యకు జడ నేనే అల్లుతాను. వెనక నిలబడి చెబితే ముఖం చూడక్కర్లేదనుకున్నాను. చెంచా నుంచి సీసా దాకా అంతా చెప్పాను. ఆవిడ ఇటు తిరిగారు.

“అయితే ఆ రోజు నేను కర్ర పట్టుకునే వెళ్ళానన్నమాట.”

“అవునత్తయ్యా.”

“తల తిరిగిందని ఆ రోజే చెప్పాను.”

“చెప్పారు.”

“ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ నాకు చాదస్తం అన్నారు. నువ్వూ అన్నావు.”

అన్నాను. ఒకసారి కాదు.

సగం అల్లిన జడ నా చేతిలోంచి లాక్కుని, ఎడమచేత్తో ఎలాగో ముడి పెట్టుకుని లేచి వెళ్ళిపోయారు. కర్ర తీసుకునే వెళ్ళారు.

ఫారంలో చివరి గడి నింపాను.

ఏప్రిల్ 1

మాట లేదు. జడ లేదు.

ఏప్రిల్ 5

ఆయన నా మీద కోపంగా ఉన్నారు. నిన్న కూరగాయలావిడ చెయ్యెలా ఉందని అడిగితే, పడింది నా తప్పు కాదమ్మా అని అత్తయ్య గుమ్మంలో నిలబడి పెద్దగా చెప్పారు. అలిసిపోయాను. చదువుతున్నాను.

ఏప్రిల్ 8

పరీక్ష రాశాను. ప్రతి లెక్కా రెండుసార్లు చేశాను. ఒకచోట మాత్రం మిల్లీగ్రాములో మైక్రోగ్రాములో ఎటూ తేలక, తోచింది రాశాను. ఇంటికొచ్చి బట్టలు నానబెట్టాను.

ఏప్రిల్ 15, ఉదయం 8.00

పదికి తొమ్మిది.

అత్తయ్యకు మళ్ళీ దగ్గు. నేను 5 మి.లీ. పోసిచ్చిన కొలత గిన్నెను ఆవిడ కిటికీ వెలుతురుకు ఎత్తి, గీత చూసుకుని తాగారు. తర్వాత దువ్వెన నా చేతికిచ్చి, వీపు ఇటు తిప్పి కూర్చున్నారు.