కేసు కొట్టేశారు

అరాద్, బహ్రెయిన్
2-3-1996

ప్రియమైన మావకి,

నిన్న నువ్వు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి "లోవా, కేసు కొట్టేశారే" అన్నావు, అంతలోనే లైను తెగిపోయింది. తెగితే తెగిందిలే, వినాల్సిన ముక్క విన్నాను. కొట్టేశాం మావా, కేసు కొట్టేశాం! నేను వంటింట్లో గెంతిన గెంతుకి, ఈ ఇంటి పెద్దావిడ ఏం విరిగిపోయిందోనని పరిగెత్తుకొచ్చింది.

మూడేళ్లు! బాగుచెయ్యమని తనే తెచ్చిచ్చిన పంపు మోటారుని నువ్వు దొంగిలించావని ఆ రైతు అబద్ధమాడాడు. ఎస్సై సోమేశ్వరరావు, హెడ్డు పేరయ్య కలిసి నిన్ను స్టేషన్లో పడేసి, కుడిచేతి వేళ్లు రెండు విరగ్గొట్టారు. దొంగతనం కేసు నిలబడక వదిలేశారు గానీ, ఊరు వదిలిందా? నీకు పని ఇచ్చేవాడు లేకనే కదా నేనీ అరబ్బు ఇంట్లో అంట్లు తోముతున్నాను. ఆ ఇద్దరి మీద సివిల్ దావా వేస్తామంటే నవ్వినవాళ్లు ఇప్పుడు నవ్వమను చూద్దాం.

ముహరక్ బజారు నుంచి ఎర్ర హల్వా తెప్పించి మనవాళ్లందరికీ పంచాను. మన సాయికుమారి మొగుడు రాజేంద్ర, మీనా సల్మాన్ రేవులో తను పనిచేసే షెడ్డుకి ఓ డబ్బా పట్టుకెళ్లాడు. మన నాగదుర్గకి చెప్పు, బడిలో "దొంగ కూతురా" అన్న పిల్లల ముందు తలెత్తి నడవమను. నువ్వు తెల్లచొక్కా వేసుకుని స్టేషన్ ముందు సైకిలు మీద అటూ ఇటూ రెండుసార్లు తిరుగు. గంట గట్టిగా కొట్టు.

ఇట్లు,
కాలు నేల మీద నిలవని నీ లోవ


గొల్లలమెట్ట
19-3-1996

ప్రియమైన లోవకి,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. కొట్టేశాం అనలేదే పిచ్చిదానా, కొట్టేశారు అన్నాను. జడ్జిగారు మన దావా కొట్టేశారు. ఓడిపోయాం.

స్టేషన్ ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న అమ్మిరాజునే కదా మనం నమ్ముకున్నది. నన్ను ఈడ్చుకెళ్తుంటే చూసినవాడు, నా కేకలు విన్నవాడు. బోనెక్కి "నేనేం చూడలేదండి, స్టవ్వు చప్పుడుకి నాకేం వినపళ్లేదండి" అన్నాడు. స్టవ్వు చప్పుడంట! సాక్ష్యం లేదు కాబట్టి ఎస్సైదీ హెడ్డుదీ ఏ తప్పూ లేదని తీర్పు. ఆ సాయంత్రం స్టేషన్ ముందు టపాకాయలు కాల్చారు.

నాగదుర్గ నా పక్కన కూర్చుని "మరయితే నువ్వు దొంగవేనా నాన్నా?" అని అడిగింది. అడిగేసి తనే ఏడ్చింది.

పై కోర్టుకి వెళ్దామని ప్లీడరుగారు అంటున్నారు. నాకు ఓపిక లేదు లోవా. నా రిపేరు కొట్టు ఎత్తేసి పిల్లని తీసుకుని కాకినాడ పోతాను. అక్కడైతే నన్నెవరూ ఎరగరు.

ఇట్లు,
నీ బుల్లిరాజు


అరాద్
1-4-1996

ప్రియమైన మావకి,

ఒళ్లు మండిపోతూ రాస్తున్నాను. కలం కాగితాన్ని చింపితే నన్ననకు.

ముందు హల్వా సంగతి. శుక్రవారం సాయికుమారి గదిలో అందరూ ఉండగా లేచి చెప్పేశాను. "ఓడిపోయామండి. నేనే తప్పుగా విన్నానండి. మీరు తిన్నది కక్కక్కర్లేదు, మా ఆయన దొంగ కాదు" అన్నాను. రాజేంద్ర ఒక్కడే "అయితే ఇంకో డబ్బా తెమ్మంటావా అక్కా?" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. తర్వాత నేను ఏడ్చాననుకో.

ఇక్కడ పక్క వాటాలో ఇంగ్లీషు నర్సమ్మ ఒకావిడ ఉంటుంది. నా వచ్చీరాని ఇంగ్లీషులో మన గోడు చెప్పుకున్నాను. వాళ్ల దేశంలో పోలీసుల మీద దావా వేస్తే తీర్పు జడ్జి ఒక్కడిదే కాదట. వీధిలో పోయే మామూలు మనుషుల్ని కొందరిని కూర్చోబెట్టి మీరే తేల్చండి అంటారట. దాన్ని జ్యూరీ అంటారట. మనకీ అదుంటే ఎంత బాగుండేది అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాళ్ల ఊళ్లో ఒకాయన్ని పోలీసులు ఇలాగే కొడితే, ఆ జ్యూరీ కూడా పోలీసుల తప్పేం లేదందట.

"మరి ఆయనేం చేశాడమ్మా?" అన్నాను.

"ఊరు వదల్లేదు. ఆ పోలీసులు ఎదురుపడితే రోజూ గుడ్ మార్నింగ్ చెబుతాడు" అంది.

విన్నావా? ఇప్పుడు నువ్వు ఊరు వదిలితే, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే. కాకినాడా లేదు, గీకినాడా లేదు, ఖలాస్! కొట్టు ఎత్తెయ్, తప్పకుండా ఎత్తెయ్. తీసుకెళ్లి స్టేషన్ ఎదురుగా, ఆ అమ్మిరాజు పక్కనున్న ఖాళీ బడ్డీలో పెట్టు. వాళ్లు రోజూ పొద్దున్నే నీ మొహం చూసి డ్యూటీ ఎక్కాలి.

ఇట్లు,
ఓడినా వంగని నీ లోవ


గొల్లలమెట్ట
24-5-1996

ప్రియమైన లోవకి,

నువ్వు చెప్పిన చోటే బడ్డీ పెట్టాను. నెల్లాళ్లు ఈగ కూడా వాలలేదు. పేరయ్య రోజూ లాఠీతో రేకు మీద కొట్టి "ఏరా, ఇంకా ఉన్నావా?" అనేవాడు. "ఉన్నానండి, గుడ్ మార్నింగండి" అనేవాణ్ణి. పారిపోవాలనిపించలేదా అంటే చాలాసార్లు అనిపించింది. నీ నోటికి భయపడి ఉండిపోయాను.

పోయిన సోమవారం ఎండ నిప్పులు చెరుగుతోంటే స్టేషన్ నీళ్ల మోటారు కాలిపోయింది. వెనక క్వార్టర్లలో ఎస్సై ఇంటికీ నీళ్లు లేవు. తుని మెకానిక్ మూడు రోజులు పడుతుందన్నాడట. పేరయ్య మోటారుని తోపుడుబండి మీద తోయించుకొచ్చి నా ముందు దింపించాడు.

"బాగుచెయ్యరా."

"చేస్తానండి. అప్పగించినట్టు చీటీ రాసివ్వండి."

"పోలీసోళ్లనే చీటీ అడుగుతావా?"

"ఒకసారి చీటీ లేకుండా ముట్టుకుని దొంగనయ్యానండి. ఇంక విరగ్గొట్టడానికి వేళ్లు ఎనిమిదే ఉన్నాయండి."

తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. మోటారు ఎండలో, నేను నీడలో. నాలుగింటికి ఎస్సై ఇంట్లోంచి బిందెలు వీధి కుళాయికి బయల్దేరాయి. అయిదింటికి చీటీ వచ్చింది. ఒక మాట తక్కువైందని తిప్పి పంపాను. మళ్లీ వచ్చింది. "స్టేషన్ మోటారును రిపేరు నిమిత్తం మెకానిక్ బుల్లిరాజును నమ్మి అప్పగించడమైనది." కింద సోమేశ్వరరావు సంతకం, స్టేషన్ ముద్ర. ఆ 'నమ్మి' నేను రాయించిందే.

మర్నాడు మధ్యాహ్నానికి మోటారు తిరిగింది. పని పనే, శుభ్రంగా చేశాను. మోటారు పట్టుకెళ్లారు గానీ చీటీ నేనివ్వలేదు. నాగదుర్గ నాకు అన్నం క్యారేజీ తెచ్చి అక్కడే ఉంది. టీకొట్టు నిండా జనం. చీటీ తీసుకెళ్లి అమ్మిరాజు గల్లాపెట్టె మీద పెట్టాను.

"ఇదైనా చూశావా అమ్మిరాజూ?"

చదివాడు. స్టవ్వు ఆపేశాడు. "చూశాను" అన్నాడు. చీటీ నా చేతికిచ్చి, "అదీ చూశాను బుల్లిరాజూ. నిన్ను ఈడ్చుకెళ్లడం చూశాను, నీ కేకలూ విన్నాను. భయపడ్డాను. ఎక్కడ చెప్పమన్నా ఇప్పుడు చెబుతాను" అన్నాడు. అందరూ విన్నారు. ఎదురుగా గుమ్మంలో పేరయ్యా విన్నాడు.

అతని మాట పై కోర్టు ఒప్పుకుంటుందో లేదో చెప్పలేనన్నారు ప్లీడరుగారు. ఒప్పుకోకపోతే అప్పుడు చూసుకుందాం, అప్పీలు మీద నిన్ననే సంతకం చేశాను. ఆ రోజు టీకొట్టు నుంచి ఇంటికొస్తుంటే నాగదుర్గ సైకిలు వెనక కూర్చుని, దారిలో ఎదురైన ప్రతి ఒక్కరికీ "మా నాన్న" అని చెబుతూనే ఉంది. వాళ్లంతా నన్ను పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్లే లోవా, అయినా చెబుతూనే ఉంది.

ఇట్లు,
స్టేషన్ ఎదుటి మోటారు మెకానిక్,
నీ బుల్లిరాజు